కళాశాలల సాహిత్య, వక్తృత్వ సంఘాలు ఎందుకు చల్లబడ్డాయి? చరిత్ర తెలిసినవారు చెప్పగలరు

సంచిక_సంపాదకురాలు
మా కళాశాల వార్షిక సంచికకు విద్యార్థి సాహిత్య, వక్తృత్వ సంఘం చరిత్ర రాసే పని నాకు అప్పగించారు. సంఘానికి పేరుంది, రబ్బరు ముద్ర ఉంది, ఏటా ఒక అధ్యక్షుణ్ణి, ఒక కార్యదర్శిని నియమిస్తారు. అయితే ఈ మధ్య కాలంలో ఆ సంఘం తనంతట తానుగా ఒక్క సమావేశమైనా జరుపుకున్న దాఖలా లేదు. వార్షికోత్సవానికి ముందు అధ్యాపకులు ఒక అంశం ఇస్తారు, పేర్లు ఇచ్చినవారు తలా కొన్ని నిమిషాలు మాట్లాడతారు, బహుమతులు పంచుతారు, మళ్లీ ఏడాది వరకు ఆ ఊసే ఉండదు. పాత సంచికలు తిరగేస్తే మాత్రం వారం వారం చర్చలు, వ్యాసపఠనాలు, చేతిరాత పత్రికలు విద్యార్థులే నడిపినట్టు కనిపిస్తుంది. ఈ మార్పుకు కారణం ఎవరిని అడిగినా ఇప్పటి పిల్లలకు ఆసక్తి లేదనే చెబుతున్నారు. ఆ జవాబు నాకు తృప్తినివ్వలేదు. ఇలాంటి సంఘాలు ఎక్కడ, ఎందుకు పుట్టాయో, ఎలా నడిచాయో, ఎందుకు తగ్గిపోయాయో తెలిసినవారు వివరంగా రాయండి.

పాతదస్త్రం
పిల్లలకు ఆసక్తి లేదన్న మాట ప్రతి తరంలోనూ పెద్దలు అంటూనే ఉన్నారు కనుక దాన్ని పక్కన పెట్టి, ఈ సంఘాలు పుట్టిన కాలంలో కళాశాల ఎలా ఉండేదో ముందు చూడండి. పద్దెనిమిదో శతాబ్దపు అమెరికా, బ్రిటన్ కళాశాలల్లో చదువంటే ప్రధానంగా లాటిన్, గ్రీకు, గణితం, తర్కం. అధ్యాపకుడు అడిగిన పాఠాన్ని అప్పజెప్పడమే తరగతి. తమ కాలపు రాజకీయాలకూ, తమ భాషలో అప్పుడప్పుడే వెలువడుతున్న కవిత్వానికీ నవలలకూ ఆ తరగతిలో చోటు లేదు. ఆ లోటును విద్యార్థులు తామే పూడ్చుకున్నారు.

డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో చదువుతూ, తర్వాత బ్రిటిష్ పార్లమెంటులో వక్తగా పేరొందిన ఎడ్మండ్ బర్క్ 1747లో కొద్దిమంది మిత్రులతో ఒక చర్చాసంఘం పెట్టాడు. దాని మినిట్స్ పుస్తకం, అంటే సమావేశాల్లో జరిగినది రాసుకున్న రికార్డు, నేటికీ భద్రంగా ఉంది, అందులో చాలా భాగం బర్క్ చేతిరాతే. అమెరికాలోని యేల్‌లో లినోనియా అనే సంఘం 1753లో, బ్రదర్స్ ఇన్ యూనిటీ 1768లో ఏర్పడ్డాయి. ప్రిన్స్‌టన్‌లో అమెరికన్ విగ్ సంఘం 1769లో, క్లియోసాఫిక్ సంఘం 1770లో వచ్చాయి. తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన జేమ్స్ మాడిసన్ విగ్ సంఘం వాడు. ఎడింబరోలో 1764లో మొదలైన స్పెక్యులేటివ్ సొసైటీకి నవలాకారుడు వాల్టర్ స్కాట్ కార్యదర్శిగా పనిచేశాడు.

అమెరికాలో ఇవి చాలాచోట్ల జంటగా ఉండేవి, ఆ జంటల మధ్య పోటీ కళాశాల జీవితానికి ఊపిరిగా ఉండేది. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో 1795లో తరగతులు మొదలైన కొద్ది నెలలకే విద్యార్థులు చర్చాసంఘం పెట్టుకున్నారు, త్వరలోనే అది రెండయింది. వాటికి డయలెక్టిక్, ఫిలాంత్రోపిక్ అన్న పేర్లు స్థిరపడ్డాయి. ఒకదాని రంగు లేత నీలం, మరొకదానిది తెలుపు. ఈనాడు ఆ విశ్వవిద్యాలయపు క్రీడాకారులు ధరించే రంగులు ఆ రెండు సంఘాల నుంచి వచ్చినవే.

కొత్తచదువరి
ఆ జెర్సీలు నేను టీవీలో ఎన్నోసార్లు చూశాను. ఆ నీలం, తెలుపు చర్చాసంఘాలవని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మా స్నేహితులకు ఈ రోజే చెబుతాను.

గ్రంథపాలిక
పాతదస్త్రం గారు చెప్పిన లోటులో పుస్తకాల లోటును విడిగా చెప్పుకోవాలి. నేను కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తాను కనుక నా దృష్టి అటే పోతుంది. ఆ రోజుల్లో కళాశాల గ్రంథాలయాలు వారంలో కొద్ది గంటలు మాత్రమే తెరిచేవారు. ఉన్నవి కూడా ఎక్కువగా మతగ్రంథాలు, ప్రాచీన భాషల గ్రంథాలు. కొత్త నవల, కొత్త చరిత్ర పుస్తకం, తాజా పత్రిక కావాలంటే విద్యార్థి వెళ్లేది తన సంఘం గదికి. పుస్తకాలు ఎంపిక చేసింది విద్యార్థులు, డబ్బు వారి చందాల నుంచి వచ్చింది, ఇచ్చిపుచ్చుకోవడం చూసింది వారిలోనే ఎన్నికైన గ్రంథపాలకుడు. యేల్‌లో ఆ రెండు సంఘాల పుస్తకాలు చివరికి 1870ల్లో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కలిసిపోయాయి. అక్కడి స్టెర్లింగ్ గ్రంథాలయంలో లినోనియా అండ్ బ్రదర్స్ అన్న పేరుతో ఒక పఠన మందిరం ఇప్పటికీ ఉంది. ఆ పేరు మాత్రం నిలిచింది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పుస్తకాలు చేజారిన నాడే సంఘం బలం తగ్గడం మొదలయింది. విద్యార్థిని ప్రతి సాయంత్రం ఆ గదికి రప్పించినది పుస్తకం, వచ్చినవాణ్ణి కూర్చోబెట్టినది చర్చ.

వాదప్రియుడు
గ్రంథపాలిక గారితో నేను ఏకీభవించలేను. పుస్తకాలు పోయిన తర్వాత కూడా చర్చ బతికింది, పైగా విస్తరించింది. 1892లో హార్వర్డ్, యేల్ విద్యార్థులు ఒకరితో ఒకరు బహిరంగంగా తలపడ్డారు, ఆ తర్వాత కళాశాలల మధ్య చర్చాపోటీలు సర్వసాధారణమయ్యాయి. ఒక గదిలో ఎప్పుడూ చూసే ముఖాల ముందు మాట్లాడటం కన్నా, వేరే కళాశాల నుంచి బాగా సిద్ధమై వచ్చిన ప్రత్యర్థిని ఎదుర్కోవడం వాదనకు పదును పెడుతుంది. నేను చదువుకునే రోజుల్లో పోటీలకు వెళ్లాను, ఆధారం లేని మాట ఒక్కటి జారినా ఎదుటిపక్షం ఎలా పట్టుకుంటుందో అక్కడే నేర్చుకున్నాను. పాతవి తగ్గిపోయాయని బాధపడేవారు ఈ లాభాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నిర్ణేత
వాదప్రియుడు గారు చెప్పిన లాభం నిజమే, కానీ దానికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. నేను కొన్నేళ్లుగా ఇలాంటి పోటీలకు న్యాయనిర్ణేతగా వెళుతున్నాను. సంఘంలో చర్చ జరిగినప్పుడు చివర ఓటు వేసేది సభ్యులు. విన్నవారంతా ఏదో ఒక పక్షం వహించక తప్పదు, మరుసటి వారం తామే లేచి మాట్లాడాలి. పోటీలో ఫలితం చెప్పేది ముగ్గురు నిర్ణేతలు. మిగిలిన సభకు చప్పట్లు కొట్టడం తప్ప పని లేదు. పైగా వంద మంది పాల్గొనే చోట కళాశాల తరఫున వెళ్లేది ఇద్దరో ముగ్గురో. మిగిలినవారికి మాట్లాడే అవసరం, అవకాశం రెండూ పోయాయి. అసలు ప్రశ్న అడిగిన సంపాదకురాలు గారి కళాశాలలో ఉన్న పరిస్థితి ఇదే అనిపిస్తోంది.

సంచిక_సంపాదకురాలు
సరిగ్గా ఇదే. మా దగ్గర పోటీలకు వెళ్లే ఇద్దరు చాలా బాగా మాట్లాడతారు. వారి తర్వాత మూడో పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు.

మూడోవరుస
ఇంతవరకు అందరూ పాత సంఘాలను మెచ్చుకుంటూనే రాశారు. ఆ గదుల్లోకి ఎవరిని రానిచ్చారో కూడా చెప్పుకోవాలి. ఓబర్లిన్ కళాశాల అమెరికాలో స్త్రీలను పురుషులతో పాటు డిగ్రీ చదువుకు చేర్చుకున్న తొలి కళాశాల. అక్కడ కూడా వక్తృత్వ తరగతిలో స్త్రీలు కూర్చుని వినాలే తప్ప చర్చలో పాల్గొనకూడదన్నారు. లూసీ స్టోన్, ఆంట్వానెట్ బ్రౌన్ అనే ఇద్దరు విద్యార్థినులు 1840ల్లో కొందరిని కూడగట్టి ఎవరి కంటా పడకుండా తమ చర్చలు తాము జరుపుకున్నారు. 1847లో పట్టభద్రురాలైనప్పుడు స్నాతకోత్సవానికి వ్యాసం రాయమని లూసీ స్టోన్‌ను ఎంపిక చేశారు. దాన్ని ఆమె స్వయంగా చదవడానికి వీల్లేదని, ఒక పురుషుడు చదువుతాడని చెప్పడంతో ఆమె రాయడానికే నిరాకరించింది. ఆ తర్వాత ఆమె దేశమంతా తిరిగి బానిసత్వానికి వ్యతిరేకంగా, స్త్రీల హక్కుల కోసం ఉపన్యాసాలు ఇచ్చింది.

అది అమెరికా. బ్రిటన్‌లో విద్యార్థుల చర్చాసంఘాలైన కేంబ్రిడ్జ్ యూనియన్ 1815లో, ఆక్స్‌ఫర్డ్ యూనియన్ 1823లో మొదలైనా, రెండూ స్త్రీలను పూర్తి సభ్యులుగా తీసుకున్నది 1963లో. మధ్యలో గడిచిన కాలాన్ని మీరే లెక్కించండి. స్వయంపాలన గొప్పదే, కానీ ఆ పాలన ఎవరిని బయట నిలబెట్టిందో మరచి చరిత్ర రాస్తే అది సగమే అవుతుంది.

పాతదస్త్రం
మూడోవరుస గారు చెప్పినది మీ వ్యాసంలో తప్పక ఉండాలి. నేను స్వయంపాలనను మెచ్చుకుంటున్నది ఆ సంఘాల సభ్యత్వ నియమాలను చూసి కాదు, పై అధికారుల ముందు అవి నిలబడిన తీరును చూసి. మన దేశంలో దానికి మంచి ఉదాహరణ ఉంది.

1817లో ప్రారంభమైన కలకత్తా హిందూ కళాశాలలో హెన్రీ డిరోజియో 1826లో ఉపాధ్యాయుడిగా చేరాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు కూడా లేవు. 1828లో అతని చుట్టూ చేరిన విద్యార్థులతో అకడమిక్ అసోసియేషన్ ఏర్పడింది. విధి, స్వేచ్ఛాసంకల్పం, దేవుడి ఉనికి, విగ్రహారాధన, దేశభక్తి, ఇలాంటివే వారి చర్చల అంశాలు. వినడానికి బయటి ప్రముఖులు కూడా వచ్చేవారు. పిల్లల ధోరణి చూసి కుటుంబాలు బెదిరాయి, కళాశాల యాజమాన్యం మీద ఒత్తిడి వచ్చింది. 1831 ఏప్రిల్‌లో డిరోజియో ఉద్యోగం వదలవలసి వచ్చింది, అదే ఏడాది డిసెంబరులో కలరాతో చనిపోయాడు.

అంతటితో ఆగలేదు. అతని శిష్యులు 1838లో సొసైటీ ఫర్ ది అక్విజిషన్ ఆఫ్ జనరల్ నాలెడ్జ్ అన్న సంఘం పెట్టారు, తారాచంద్ చక్రవర్తి అధ్యక్షుడు. 1843 ఫిబ్రవరిలో హిందూ కళాశాల హాలులో జరిగిన సమావేశంలో దక్షిణారంజన్ ముఖర్జీ ఈస్టిండియా కంపెనీ క్రిమినల్ న్యాయస్థానాలు, పోలీసుల తీరు మీద వ్యాసం చదువుతున్నాడు. అక్కడున్న ప్రిన్సిపాల్ కెప్టెన్ రిచర్డ్‌సన్ మధ్యలో లేచి, ఈ హాలును రాజద్రోహానికి అడ్డా కానివ్వనని అభ్యంతరం చెప్పాడు. అధ్యక్ష స్థానంలో ఉన్న తారాచంద్ ఆయన్ను ఆపి, మీరు ఇక్కడికి అతిథిగా వచ్చారు, మా సభ్యుడు చదువుతుండగా అడ్డుపడే హక్కు మీకు లేదు, అన్న మాట వెనక్కి తీసుకోండి అన్న ధోరణిలో నిలదీశాడు. ఆ తర్వాత సంఘం తన సమావేశాలను కళాశాల నుంచి వేరే చోటికి మార్చుకుంది.

అధ్యక్షుడి కుర్చీ అంటే ఏమిటో ఆ రోజు ఆ హాలులో అందరికీ తెలిసింది. పేరుకు ఏటా నియమితుడయ్యే అధ్యక్షుడికి ఆ ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? అతణ్ణి కుర్చీలో కూర్చోబెట్టినది సభ్యులు కారు కదా.

కొత్తచదువరి
ఆ రిచర్డ్‌సన్ ఘట్టం చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. మరి కళాశాలే హాలు ఇవ్వనంటే సంఘం ఏమవుతుంది?

వాదప్రియుడు
కేంబ్రిడ్జ్‌లో అది జరిగింది. రాజకీయాలు మాట్లాడుతున్నారని 1817లో విశ్వవిద్యాలయ అధికారులు యూనియన్‌ను మూయించారు. 1821లో తిరిగి తెరవనిచ్చినా, రాజకీయ చర్చల మీద గట్టి ఆంక్షలు పెట్టారు. అయినా సంఘం చావలేదు. ఈ విషయంలో పాతదస్త్రం గారితో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా పోటీలను తక్కువ చేయడంతోనే.

గ్రంథపాలిక
పోటీలను ఎవరూ తక్కువ చేయడం లేదు. మా గ్రంథాలయంలో అడుగు అరలో దొరికిన ఒక పాత మినిట్స్ పుస్తకం సంగతి చెబుతాను, నా మాట మీకు తేలిగ్గా అర్థమవుతుంది. అట్ట ఊడిపోయిన పొడుగాటి లెడ్జరు అది. కార్యదర్శి మారినప్పుడల్లా చేతిరాత మారుతుంది, సిరా రంగు మారుతుంది. ప్రతి సమావేశం ఒకే వాక్యంతో మొదలవుతుంది: గత సమావేశపు మినిట్స్ చదవగా సభ ఆమోదించినది. ఎడమ మార్జిన్‌లో రానివారి పేర్లు, వాటి పక్కన జరిమానా, కట్టినవారికి ఒక టిక్కు. ఒక పేజీలో గతవారం తాను అన్న మాటను తప్పుగా రాశారని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పాడు. ఆ సవరణ మీద జరిగిన వాదం ఆ రోజు అసలు చర్చ కన్నా ఎక్కువ స్థలం ఆక్రమించింది. చివరికి ఓటు పెట్టారు, సవరణ నెగ్గింది, పాత వాక్యం మీద గీత కొట్టి కొత్తది రాసి అధ్యక్షుడు సంతకం చేశాడు.

ఆ పిల్లలు తాము మాట్లాడినది రికార్డుగా మిగులుతుందని నమ్మారు. ఆ నమ్మకం ఉన్నవాడు ఊరికే నోటికొచ్చినట్టు మాట్లాడడు. పోటీలో నెగ్గిన కప్పు అద్దాల బీరువాలో ఉంటుంది, అందులో ఏం వాదించి నెగ్గారో మాత్రం ఎక్కడా ఉండదు.

నిర్ణేత
మినిట్స్ విలువకు ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు. 1933 ఫిబ్రవరి 9న అక్కడి విద్యార్థులు రాజు కోసం, దేశం కోసం తాము ఎట్టి పరిస్థితిలోనూ పోరాడబోమన్న తీర్మానాన్ని అనుకూలంగా 275, వ్యతిరేకంగా 153 ఓట్లతో ఆమోదించారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. కొందరు దుండగులు మినిట్స్ పుస్తకంలోంచి ఆ పేజీలు చింపేశారు. కొద్ది వారాల్లో విన్‌స్టన్ చర్చిల్ కొడుకు రాండాల్ఫ్ చర్చిల్ వచ్చి, ఆ తీర్మానాన్ని రికార్డు నుంచి తొలగించాలని ప్రతిపాదించాడు. ఈసారి సభ వ్యతిరేకంగా 750, అనుకూలంగా 138 ఓట్లతో ఆ ప్రతిపాదనను తిప్పికొట్టింది. మొదటి తీర్మానాన్ని ఇష్టపడనివారిలో కూడా చాలామంది ఆ రాత్రి రికార్డు పక్షాన నిలిచి ఉండాలి, లేకపోతే అంత తేడా రాదు. చర్చాసంఘం ఇలాంటి నిష్ఠను నేర్పుతుందని నేను నమ్ముతాను.

మూడోవరుస
ఆ నిష్ఠ గొప్పదే. అయితే సాహిత్య సంఘం అన్న పేరులో సాహిత్యం కూడా ఉంది. అందరూ చర్చ మీదే పడ్డారు.

పాతదస్త్రం
మంచి మాట. వ్యాసపఠనం, అనువాదం, పత్రిక నడపడం ఇవన్నీ ఆ సంఘాల పనే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1813లో పుట్టిన ఫిలోమేథియన్ సంఘానికి రొసెట్టా శిల (ఒకే శాసనాన్ని మూడు లిపుల్లో చెక్కిన ప్రాచీన ఈజిప్టు రాయి) తాలూకు ప్లాస్టర్ అచ్చు ఒకటి చేరింది. ముగ్గురు విద్యార్థులు దాన్ని ముందు పెట్టుకుని మూడు లిపుల్లోని శాసనాన్నీ పరిశీలించి, అనువదించి, తమ చేతిరాతతోనూ రంగు బొమ్మలతోనూ లితోగ్రాఫు చేయించి 1858లో అచ్చువేశారు. ఏ ఆచార్యుడూ అప్పగించిన పని కాదు అది, సంఘం తన సభ్యులతో వేసిన కమిటీ నివేదిక. చదువుకునే కుర్రాళ్లు చేసిన పనుల్లో నన్ను ఇంతగా కదిలించినది మరొకటి లేదు.

బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ సంస్థ విద్యార్థులు 1848లో పెట్టిన స్టూడెంట్స్ లిటరరీ అండ్ సైంటిఫిక్ సొసైటీ మరో మెట్టు పైకి వెళ్లింది. ఇంగ్లీషులో వ్యాసాలు చదువుకోవడంతో ఆగక, మరాఠీ, గుజరాతీ భాషల్లో ఉపన్యాసాల కోసం జ్ఞాన ప్రసారక్ శాఖలు పెట్టుకుంది. స్త్రీవిద్య మీద జరిగిన చర్చ మాటలతో ముగియలేదు. సభ్యులు 1849లో బాలికల పాఠశాలలు తెరిచి, జీతం లేకుండా తామే పాఠాలు చెప్పారు. వారిలో దాదాభాయి నౌరోజీ ఒకడు. స్త్రీలను బయట నిలబెట్టారని మూడోవరుస గారు ఎత్తిచూపిన లోపానికి ఆ కాలంలోనే కొందరు విద్యార్థులు చేతనైన జవాబు ఇచ్చారని ఇందుకే చెబుతున్నాను.

మూడోవరుస
నౌరోజీ సంగతి తెలుసు గానీ అది ఒక విద్యార్థి సంఘం నుంచి మొదలైందని తెలియదు. ఈ భాగం సంచికలో పెద్దగా రాయండి.

సంచిక_సంపాదకురాలు
రాస్తాను. క్షీణతకు కారణాల విషయంలో మాత్రం ఇంకా తేలలేదు. గ్రంథపాలిక గారు పుస్తకాలు పోవడం అంటున్నారు, నిర్ణేత గారు ఓటు హక్కు పోవడం అంటున్నారు. మరెవరైనా వేరే కారణం చెబుతారా?

పాతదస్త్రం
అమెరికా చరిత్రకారులు సాధారణంగా చెప్పే కారణాలు మరికొన్ని ఉన్నాయి. 1825 నుంచి గ్రీకు అక్షరాల పేర్లతో సోదర సంఘాలు వ్యాపించి, స్నేహం కోసం వచ్చేవారిని లాక్కున్నాయి. అంతర్యుద్ధం తర్వాత క్రీడలు పెరిగి, గెలుపోటముల ఉత్సాహమంతా మైదానానికి తరలింది. అన్నిటికన్నా ముఖ్యంగా, కళాశాలలు తమ భాషా సాహిత్యాన్ని, చరిత్రను, రాజకీయ శాస్త్రాన్ని పాఠ్యాంశాలుగా చేర్చాయి, ఐచ్ఛికాలు పెట్టాయి, గ్రంథాలయాలను రోజంతా తెరిచాయి. సంఘం ఒంటి చేత్తో చేసిన పనులను కళాశాల ఒక్కొక్కటిగా తన విభాగాలకు పంచుకుంది.

ఇది విద్యకు మేలే చేసింది. ఒక్కటి మాత్రం ఏ విభాగానికీ రాలేదు. పాతికమంది యువకులు తమ డబ్బుతో, తమ నియమాలతో, తమలో తాము ఎన్నుకున్నవారి కింద క్రమశిక్షణగా కూర్చుని విభేదించుకోవడం. దానికి సిలబస్ లేదు, పరీక్ష లేదు కనుక ఎవరూ భుజాన వేసుకోలేదు. పుస్తకాలు, ఓటు, గది తాళం ఇవన్నీ ఆ ఒక్కదాని భాగాలే, గ్రంథపాలిక గారూ నిర్ణేత గారూ చెరో వైపు నుంచి దాన్నే చెబుతున్నారు.

వాదప్రియుడు
ఈ చివరి పేరాతో నేను అంగీకరిస్తాను. అయితే సంఘాన్ని నిలబెట్టాలనుకునేవారు పోటీలకు వెళ్లినవారిని దూరం పెట్టవద్దు. వారం వారం కొత్తవారికి ఎదురు వాదన ఎలా కట్టాలో నేర్పడానికి వారికన్నా తగినవారు దొరకరు.

గ్రంథపాలిక
సంపాదకురాలు గారు ఒక పని చేయండి. మీ గ్రంథాలయంలో పాత యాక్సెషన్ రిజిస్టరు, అంటే గ్రంథాలయంలో చేరిన పుస్తకాలు నమోదు చేసే పుస్తకం, అడిగి చూడండి. సంఘం పుస్తకాలు ఎప్పుడైనా కళాశాలకు అప్పగించి ఉంటే, ఎలా వచ్చాయన్న గడిలో సంఘం పేరు ఉంటుంది. ఆ పుస్తకాల మొదటి పేజీలో పాత ముద్ర కూడా ఉండవచ్చు. మినిట్స్ దొరక్కపోయినా, వారు ఏం కొన్నారో తెలిస్తే ఏం ఆలోచించారో కొంతవరకు పట్టుకోవచ్చు.

సంచిక_సంపాదకురాలు
రిజిస్టరు రేపే అడుగుతాను. వ్యాసంతో పాటు ప్రిన్సిపాల్ గారికి ఒక అర్జీ కూడా పెట్టాలని మా తరగతివాళ్లం అనుకుంటున్నాం. వారానికి ఒక సాయంత్రం ఒక గది, దాని తాళం చెవి, అధ్యక్షుణ్ణి మేమే ఎన్నుకునే హక్కు. ఇంతకు మించి ఏమీ అడగం. చందా, జరిమానా మేమే నిర్ణయించుకుంటాం.

కొత్తచదువరి
జరిమానా డబ్బుకు లెక్క ఎవరు చూడాలి? మా దగ్గర ఇలాంటి విషయంలోనే గొడవ వచ్చి ఒక క్లబ్బు మూతపడింది.

పాతదస్త్రం
కోశాధికారిని ఎన్నుకోండి. లెక్కలు తనిఖీ చేయడానికి మరో ఇద్దరిని వేరుగా ఎన్నుకోండి, వారిలో ఒకరైనా కోశాధికారికి ఓటు వేయనివాడై ఉండాలి. నెలకోసారి లెక్క సభలో చదివించి మినిట్స్‌లో ఎక్కించండి. అర్జీలో ఈ నియమం కూడా రాస్తే గది దొరికే అవకాశం పెరుగుతుంది.